పక్కన వచ్చిన సైకిలు

సొంత ఊరు చూడ్డానికి టికెట్టు కొనుక్కున్నవాణ్ణి ఇటలీలో మా ఫెర్రారా మొత్తం మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మా ఊళ్ళో పిల్లలు సరిగ్గా నడక రాకముందే సైకిలెక్కుతారు. పెళ్ళికీ చావుకీ, చర్చికీ సంతకీ అన్నిటికీ సైకిలే. అలాంటి ఊళ్ళో సెప్టెంబరులో ఒక శనివారం ఉదయం, కోట వంతెన దగ్గర అద్దె సైకిళ్ళు పట్టుకుని తడబడుతున్న టూరిస్టుల గుంపులో నా పాత నల్ల సైకిలుతో నేనూ నిలబడ్డాను. అటుగా పోతున్న మందుల షాపు జెల్మీనా గారు బెల్లు కొట్టి మరీ నవ్వింది.

గైడు ఒక అమ్మాయి. ఎర్ర ఉన్ని టోపీ పెట్టుకుంది, పేరు ఆంబ్రా అని చెప్పింది. అందరినీ ఏ ఊరు, ఏ ఊరు అని అడుగుతూ నా దగ్గరికి వచ్చింది.

"మీరు?"

"ఇక్కడే."

"ఇక్కడే అంటే?"

"ఆ వీధి మలుపులో రొట్టెల దుకాణం ఉంది చూడండి. దాని మీది ఇల్లు."

ఆమె నన్ను కింది నించి పైదాకా చూసింది. "మునిసిపాలిటీ వాళ్ళు తనిఖీకి పంపించారా? గైడు లైసెన్సు నా మెడలోనే వేలాడుతోంది, చూసుకోండి. ఫొటో బాగాలేదు, అది నా తప్పు కాదు."

"ఎవరూ పంపలేదు. ఊరు చూద్దామని వచ్చాను."

"మరి ఇన్నేళ్ళూ ఏం చేశారు?"

"రొట్టెలు."

టూరిస్టులు నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఊరు చూద్దామని వచ్చానన్నది అబద్ధం కాదు. ఆ వేసవిలో బొలోన్యాలో కళ్ళ డాక్టరు దీపం ఆర్పి, కుర్చీ దగ్గరికి జరుపుకుని నెమ్మదిగా చెప్పాడు. కంటి లోపలి పొర అంచుల నించి చచ్చిపోతూ వస్తోంది. పక్కచూపు ఇప్పటికే పోయింది. ఎదురుగా ఉన్నది మాత్రం బాగానే కనిపిస్తుంది, కాగితాన్ని గొట్టంలా చుట్టి అందులోంచి చూసినట్టు. ఆ గొట్టం ఏటేటా సన్నబడుతుంది. ఎప్పటికి పూర్తిగా మూసుకుంటుందని అడిగితే ఆయన భుజాలెగరేశాడు.

రైల్లో తిరిగొస్తూ నేను ఏడవలేదు. వేరే ఆలోచన పట్టుకుంది. మా వజ్రాల మహలు మూల మీద ఏ బొమ్మలు చెక్కారో చెప్పమంటే నాకు తెలియదు. కోట బురుజుల కొసన ఏముందో తెలియదు. పుట్టినప్పటినించీ వాటి కిందనించే తొక్కుకుంటూ పోయాను, ఒక్కసారి తలెత్తి చూడలేదు. చూపుండగానే చూసెయ్యాలి అనుకున్నాను. ఒంటరిగా చూడ్డం నాకు చేతకాదు, ఎవరో ఒకరు చూపించాలి. అందుకని టికెట్టు కొన్నాను.

అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఒకరికి చెబితే ఊరంతా జాలిపడుతుంది. జాలిపడ్డ ఊరు మొట్టమొదట నా చేతిలోంచి సైకిలు లాక్కుంటుంది. ఫెర్రారాలో సైకిలు లేని మనిషంటే సగం పోయినవాడి కిందే లెక్క.

వజ్రాల మహలు ముందు ఆంబ్రా గుంపుని ఆపింది. గోడ నిండా వజ్రాల్లా మొనదేలిన రాళ్ళు, వేలకి వేలు.

"ఈ రాళ్ళలో ఒకదాని కింద నిజం వజ్రం ఉందంటారు," అంది. "ఏ రాయో ప్రభువుకీ, మేస్త్రీకీ మాత్రమే తెలుసు. మేస్త్రీ ఎక్కడ బయటపెడతాడోనని ప్రభువు అతని నాలిక కోయించి, కళ్ళు పొడిపించాడట. ప్రభువూ పోయాక ఆ గుట్టు కాస్తా పోయింది."

"పోలేదు," అన్నాను.

తలలన్నీ నా వైపు తిరిగాయి.

"మీకేమైనా తెలుసా?"

"చేతులున్నాయిగా. తన చేత్తో పెట్టిన రాయిని మేస్త్రీ తడిమి పట్టుకోలేడా?"

"ఇన్ని వేల రాళ్ళలోనా? గుడ్డివాడు జీవితాంతం గోడ పట్టుకుని వేలాడాల్సిందే." ఆమె నవ్వేసింది. "పాపం, దానికంటే ఇంట్లో కూర్చోవడం నయం."

గుంపు నవ్వింది.

"ఇంట్లో కూర్చోవడం ఎవరికీ నయం కాదండీ," అన్నాను, అవసరమైనదానికంటే గట్టిగా.

"టూరు నాది, కథ కూడా నాదే," అంది ఆంబ్రా. "మీ కథ మీ దుకాణంలో చెప్పుకోండి."

మర్నాడంతా ఆ మాటే నమిలాను. శనివారం రాగానే మళ్ళీ టికెట్టు కొన్నాను.

"మళ్ళీ వచ్చారా? వారంలో ఊరేమైనా మారిందా?"

"పొగమంచు ఎక్కువైంది."

"దానికి నేను డబ్బు తీసుకోను. ఊరికే చూడొచ్చు."

అలా ప్రతి శనివారం వెళ్ళాను. కోట, కమానుల వీధి, వరసగా చెట్లున్న పాత ప్రాకారం గోడ, చివరికి చెర్తోజా శ్మశానం ముందు పచ్చిక. శ్మశానం దగ్గర ఆమె గొంతు మారేది. వాళ్ళ నాన్న అక్కడ తోటమాలి. సమాధుల మధ్య ఆడుకుని పెరిగిన పిల్ల, ఎప్పుడో పోయిన మహారాణుల గురించి కూడా పక్కింటావిడ గురించి చెప్పినట్టు చెప్పేది.

"పోయినవాళ్ళతో నాకు పేచీ లేదు," అందోసారి. "బతికున్నవాళ్ళే అడ్డప్రశ్నలు వేస్తారు. ముఖ్యంగా రొట్టెలవాళ్ళు."

అక్టోబరుకి ఆమె నోట నేను మీరు నించి నువ్వులోకి వచ్చాను. ఆ వారమే ఆమె నాకొక పని అప్పజెప్పింది.

"ఇక టికెట్టు కొనకు, నిన్ను వాడుకుంటాను. గుంపు వెనక నువ్వుండు. ఎవరైనా ఆగిపోతే బెల్లు కొట్టు. ఒక్కరు కూడా తప్పిపోకూడదు, నీదే పూచీ."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయితే ఏమాటకామాటే చెప్పాలి, వెనక ఉన్నవాడికి అందరూ ఎదురుగానే ఉంటారు. గుంపంతా నా గొట్టంలో ఇమిడిపోయేది. అందరికంటే ముందు, దూరంగా, ఎర్ర టోపీ. కొన్నాళ్ళకి నేను బురుజులు చూడ్డం మానేశాను.

టూరు అయ్యాక ప్రాకారం గోడ మీద కూర్చుని నేను తెచ్చిన మెలిక రొట్టె తుంచుకు తినేవాళ్ళం.

"నిజం చెప్పు, ఎందుకొస్తావు నువ్వు?"

"చూడ్డానికి."

"చూడ్డానికొచ్చినవాడు కోట వైపు చూడాలి. నన్ను అలా తినేసేలా చూస్తావేం?"

"నాకు అలా చూడ్డమే వచ్చు."

ప్రేమకథల్లో ఓరచూపులుంటాయి. నా దగ్గర ఆ సరుకు లేదు. మనిషిని చూడాలంటే నేను తల మొత్తం తిప్పి, ముఖంలో ముఖం పెట్టి చూడాలి. ఆమె దాన్ని వేరేలా అర్థం చేసుకుంది. నిజం చెప్పాలంటే అందులో తప్పర్థమేమీ లేదు. ఆ అమ్మాయంటే నాకు ప్రాణమైపోయింది. చెబుదామని నోరు తెరిచిన ప్రతిసారీ కళ్ళ సంగతి ముందు చెప్పాలని గుర్తొచ్చి, రొట్టె ముక్క నోట్లో పెట్టుకునేవాణ్ణి.

నవంబరులో ఒక శనివారం టూరు ముగిశాక ఎర్కొలె వీధి మీదుగా ఇంటికి వచ్చాను. గుండ్రాళ్ళు పరిచిన వీధి, నా మడ్‌గార్డు గలగలలాడుతూనే ఉంటుంది. సన్నగా మంచు పడుతోంది. ఆ రోజు గురించి నాకు గుర్తున్నది అంతే.

పై వారం కోట దగ్గర ఆంబ్రా నా ముఖం చూడలేదు.

"ఇవాళ మీరు వెనక ఉండనక్కర్లేదు. అందరితోపాటు మధ్యలో రండి."

"ఈ మీరేమిటి కొత్తగా? ఏమైంది?"

"మీకు తెలీదా?"

"తెలీదు."

"తెలీదంటే ఇంకా బావుంది," అని సైకిలెక్కింది.

ఆ రోజు రొట్టె నేనొక్కణ్ణే తిన్నాను. దుకాణానికి వచ్చేసరికి అమ్మ బల్ల తుడుస్తోంది. మా అమ్మ నీవెస్ కోపంలో ఉంటే తుడిచిందే తుడుస్తుంది.

"ఏరా, నీకు బుద్ధుందా?"

"ఏం చేశాను?"

"జెల్మీనా వచ్చి చెప్పింది. ఊళ్ళో నాకు ముఖం చెల్లడం లేదు. ఆ గైడు పిల్ల, చెర్తోజా తోటమాలి కూతురు, పోయిన శనివారం ఎర్కొలె వీధి పొడుగునా నీ పక్కన తొక్కిందట. మూరెడు దూరం లేదట. నువ్వు ముఖం తిప్పలేదట. పైగా వీధి చివర ఆ పిల్ల చక్రానికి అడ్డంగా మలుపు తిప్పి వచ్చేశావట. టుల్లియోకి కళ్ళు నెత్తికెక్కాయని నలుగురూ..."

మాట మధ్యలో ఆగిపోయింది. చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

"నువ్వు చూడలేదు కదూ," అంది.

"ఏ పక్కన వచ్చిందట?"

"ఏ పక్కనైతే ఏమిట్రా నీకు."

మా ఊళ్ళో ఇష్టం సంగతి నోటితో చెప్పుకోవడం తక్కువ. మనసైన మనిషి పక్కన సైకిలు వేసి, మాటా పలుకూ లేకుండా ఎర్కొలె వీధి ఈ కొసనించి ఆ కొసదాకా తొక్కాలి. అవతలి మనిషి తల తిప్పి చూస్తే సరే అన్నట్టు. భుజం మీద చెయ్యి కూడా వేస్తే, పెళ్ళి ఎప్పుడని జెల్మీనా గారు అడుగుతుంది. చూడకుండా తొక్కుకుంటూ పోతే వద్దన్నట్టు. మా అమ్మమ్మ కాలంనించీ ఇదే పద్ధతి, దానికి వేరే వివరణలుండవు.

నా జీవితంలో అంతకు ముందు ఏ ఆడపిల్లా నా పక్కన ఆ వీధి తొక్కలేదు. తొక్కిన ఒక్క మనిషీ నా మోచేతికి ఆనేంత దగ్గరగా వచ్చి, వీధి పొడుగునా నా జవాబు కోసం చూసి, ఊరంతా చూస్తుండగా ఒంటరిగా వెనక్కి వెళ్ళిపోయింది. ఆ సమయంలో నేను ఇంటికెళ్ళి పొయ్యి ఎలా ఉందో చూసుకోవాలని ఆలోచిస్తున్నాను. నాకు డాక్టరు చెప్పిన రోజు రాని ఏడుపు ఆ పిండి బస్తాల మీద కూర్చుంటే వచ్చింది.

అమ్మ గుడ్డ మడిచి పక్కన పెట్టింది. తరవాత, "వెళ్ళి చెప్పు," అంది.

"చెబితే జాలిపడుతుంది."

"పడనీ. ఇప్పుడు ఏడుస్తోంది, అది నయమా?"

టూరు అయ్యాక చెబుదామని తరవాతి శనివారం వెళ్ళాను. అంత ఓపిక దేవుడికి లేకపోయింది. కమానుల వీధి ఇరుకు. నన్ను మధ్యలో పెట్టింది కదా, నాకు కుడీ ఎడమా మనుషులే. టూరిన్ నించి వచ్చిన పెద్దావిడ ఒకరు ఫొటో కోసమని నా పక్కనించి ముందుకి వచ్చి ఆగింది. నా చక్రం ఆవిడ చక్రానికి తగిలేదాకా ఆవిడ అక్కడున్నట్టు నాకు తెలియదు. ఇద్దరం పడ్డాం. ఆవిడ అరచెయ్యి రాళ్ళకి గీసుకుపోయి రక్తం వచ్చింది.

ఆంబ్రా ముందునించి పరిగెత్తుకొచ్చింది. ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టి, నా వైపు తిరిగింది. రెండు వారాల కోపం ఒక్కసారి బయటికొచ్చింది.

"కళ్ళు కనబడ్డం లేదా మీకు?"

ఎవరైనా ఎవరినైనా అనే మాటే. రోజూ వీధిలో వినబడేదే.

"లేదు," అన్నాను. "కనబడ్డం లేదు."

ఆమె నా ముఖంలోకి చూసింది.

"ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది. పక్కన ఏదీ కనిపించదు. కుడి పక్కా, ఎడమ పక్కా. ఆ రోజు ఎర్కొలె వీధిలో కూడా కనిపించలేదు."

ఆంబ్రా సంచిలోంచి గుడ్డ తీసి పెద్దావిడ చేతికి కట్టు కట్టింది.

"మీరు సైకిలు దిగే ఉండండి," అంది నాతో, తలెత్తకుండా. "నడిపించుకుంటూ ఇంటికి వెళ్ళండి. దారిలో ఎక్కడా ఎక్కకండి."

మధ్యాహ్నం ఆమె దుకాణానికి వచ్చింది. అమ్మ ఆమెను చూసి, పొయ్యి దగ్గర పనున్నట్టు లోపలికి వెళ్ళింది.

"ఎప్పటినించి?"

"వేసవినించి తెలుసు. అంతకు ముందే మొదలైందట."

"గుంపుని నీ చేతుల్లో పెట్టాను. నీదే పూచీ అన్నాను. నవ్వుకున్నావా?"

"ఒకసారి నవ్వొచ్చింది. తరవాత రాలేదు."

"ఇవాళ ఆవిడ తల నేలకి తగిలుంటే?"

చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. ఆమె చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టింది, మళ్ళీ తీసుకుంది.

"గుడ్డివాడు ఇంట్లో కూర్చోవడం నయమని వాగాను నేను. అప్పుడే ఎందుకు తిట్టలేదు?"

"తిట్టాను. నీకు అర్థం కాలేదు."

"అర్థమయ్యేలా తిట్టాలి."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

"ఆంబ్రా, ఒక్క మాట," అన్నాను. "నువ్వు పక్కనున్నావని తెలిసుంటే నేను తల తిప్పేవాణ్ణి. అది నీకు తెలియాలి. అంతకు మించి ఏమీ అడగను. ఈ చూపు ఎన్నాళ్ళుంటుందో డాక్టరుకే తెలీదు. ఒక రోజు నీ ముఖం కూడా కనిపించదు. నీ వయసులో నువ్వు నామీద దయతలిచి..."

"దయా? నాకిప్పుడు నిన్ను చంపేసేంత కోపంగా ఉంది. దయ సంగతి ఎత్తకు." గొంతు తగ్గించి అంది: "ఫరవాలేదు అని నాచేత అనిపించుకోవాలని ఉందేమో. అనలేను టుల్లియో. నాకు భయంగా ఉంది. నేను ఆలోచించుకోవాలి."

"ఆలోచించుకో."

తలుపు గంట మోగింది, వెళ్ళిపోయింది. అమ్మ లోపల్నించి వచ్చి, ఏమీ అడగకుండా నాకు గుమ్మడికాయ కూరిన పాస్తా పెట్టింది.

ఆ రాత్రికి సైకిలు వెనక గదిలో పిండి బస్తాల పక్కన పెట్టి తాళం వేశాను. ఎవరూ లాక్కోలేదు, నేనే పెట్టాను. సోమవారం నించి నడక. సైకిలేమైందని అడిగినవాళ్ళకల్లా, కళ్ళు పోతున్నాయని చెప్పాను. జెల్మీనా గారు వీధిలోనే నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. జాలి నేను భయపడ్డంత ఘోరంగా లేదు, కొంచెం ఇబ్బందిగా ఉంది, అంతే. ఘోరంగా ఉన్నవి శనివారాలు. దుకాణం అద్దంలోంచి ఎర్ర టోపీ ముందు, టూరిస్టులు వెనక, కోట వైపునించి సాగిపోయేవారు. ఆమె ఇటు తిరిగేది కాదు. తిరగాలని అనుకునే హక్కు లేదని నాకు నేనే చెప్పుకుని, మళ్ళీ అద్దం దగ్గరికే వెళ్ళేవాణ్ణి.

డిసెంబరులో, క్రిస్మస్ దగ్గరపడ్డాక, ఒక శనివారం ఎర్కొలె వీధిలో ఒకరింటికి రొట్టెల సంచి ఇవ్వడానికి నడిచి వెళుతున్నాను. అప్పుడే మంచు విడి ఎండ వచ్చింది.

"టుల్లియో, కుడి పక్కన ఉన్నాను."

ఆగి, తల తిప్పాను. ఆంబ్రా. సైకిలు దిగి, చేత్తో నడిపించుకుంటూ వస్తోంది.

"గుంపేదీ?" అన్నాను. ఇంకేమనాలో తోచలేదు.

"కాఫీ తాగుతున్నారు. ఒకాయన వజ్రం ఎక్కడుందో కనుక్కుంటానని బయల్దేరాడు, వాళ్ళావిడ ఆపుతోంది."

నేను నవ్వలేదు. ఆమె కూడా.

"నాన్నతో చెప్పాను," అంది.

"ఏమన్నాడు?"

"రోజూ మనుషుల్ని మట్టిలో పెట్టేచోట పనిచేసేవాణ్ణి, పోవడమంటే ఏమిటో నాకు తెలుసు, చూపు పోవడం అది కాదు అన్నాడు. ఆదివారం భోజనానికి తీసుకురమ్మన్నాడు."

"నువ్వేమన్నావు?"

"నాకింకా భయంగానే ఉందన్నాను. అయితే నువ్వు లేని శనివారాలు దానికంటే బాగాలేవని కూడా చెప్పాను." ఆమె హ్యాండిలు గట్టిగా పట్టుకుంది. "నేనంత మంచిదాన్ని కాదు. విసుక్కుంటాను. కుర్చీ దారికి అడ్డంగా వదిలేసి మర్చిపోతాను. నువ్వు తగులుకుంటావు, అప్పుడు నిన్నే తిడతాను."

"తిట్టు. నేను నిజం దాచినందుకు కూడా కలిపి తిట్టు."

"అది వేరే రోజు పెట్టుకున్నాను."

ఆమె టోపీ సర్దుకుంది.

"ఒక్క సంగతి. మన ఊరి పద్ధతి నీ దగ్గర పనికిరాదు. మాట్లాడకుండా పక్కన వచ్చి, చూస్తావా లేదా అని ఎదురుచూడ్డం ఇక నావల్ల కాదు. పక్కన ఉన్నప్పుడల్లా నోటితో చెబుతాను. నువ్వు ముసలాడివై, నేను ముసల్దాన్నై, నీకేమీ కనిపించకపోయినా చెబుతాను. నువ్వు వింటే చాలు."

తలూపాను. రొట్టెల సంచి ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చెయ్యి ఆమె భుజం మీద వేశాను. ఉన్ని కోటు తడిగా ఉంది. నడవడం మొదలుపెట్టాం, పక్కన ఆమె సైకిలు టికటికమంటూ.

"జెల్మీనా గారు షాపు గుమ్మంలోకి వచ్చింది," అంది ఆంబ్రా.

"రానీ."

"ముందుకి చూసి నడువు. ఎదురుగా స్తంభం ఉంది."

"నువ్వు చూడు," అన్నాను.

చలికి ఆమె ముక్కు ఎర్రబడింది. కనుబొమ మీద చిన్న మచ్చ ఉంది, అది నేను అంతకు ముందు చూడలేదు. ఎర్కొలె వీధి ఆ కొసదాకా నేను తల ముందుకి తిప్పలేదు. దారి ఆమే చూసుకుంది.